నేను తోమేసిన ఇల్లు

నెస్టోరి గురించి మా ఊరు కుర్కివారాలో ఎవరిని అడిగినా ముందు అతని నోటి సంగతే చెబుతారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమోనన్నట్టు ఉంటాడు. పలకరిస్తే ఊఁ, తిడితే ఊఁ. భార్య పోయిన రోజున పాస్టరుగారు గంటసేపు కూర్చుని ఓదారిస్తే దానికీ ఒక ఊఁ అనేసి, లేచి వెళ్ళి శవపేటిక మూతకి చిత్రిక పట్టుకున్నాడట. అది నేను చూడలేదు కానీ నమ్ముతాను.

నోరు ఎంత బద్ధకమో చేతులు అంత చురుకు. మా సరస్సు చుట్టూ ఉన్న దుంగల ఇళ్ళలో సగం అతను కట్టినవో, ఒకచోట విప్పి ఇంకోచోట నిలబెట్టినవో అయి ఉంటాయి. మేకు అన్నది లేకుండా దుంగ మీద దుంగ కూర్చోబెట్టి, మూలల్లో గాడి కోసి బిగించేవాడు. ఆ సందులో వేలిగోరు దూరేది కాదు. తర్వాత కాలం మారింది. జనం పలకల ఇళ్ళని, ఇటుక ఇళ్ళని ఎగబడ్డారు. పద్దెనిమిదేళ్ళపాటు ఒక్కరంటే ఒక్కరు అతన్ని ఇల్లు కట్టమని అడగలేదు. గడ్డి పోగుచేసే పళ్ళకర్రలు చేసేవాడు, శవపేటికలు చేసేవాడు. అంత గొప్ప మేస్త్రీతో చచ్చినవాళ్ళకి తప్ప బతికున్నవాళ్ళకి పని లేకుండా పోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పందొమ్మిది వందల డెబ్భై నాలుగో సంవత్సరం చలికాలం చివర్లో మా ఊరి పాతవస్తువుల సంఘం ఒక తీర్మానం చేసింది. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే, హెల్విని. సరస్సు అవతలి ఒడ్డున ఒక కౌలుదారు ఇల్లు పాడుపడి ఉంది. పొగగొట్టం లేని ఇల్లు. రాళ్ళ పొయ్యి రాజేస్తే పొగ గదంతా తిరిగి తిరిగి కప్పులో ఉన్న కంతలోంచి పోయేది, గోడలు కాటుకలా నల్లగా ఉండేవి. మా ప్రాంతంలో అలాంటిది అదొక్కటే మిగిలింది. దాన్ని దుంగకి దుంగ విప్పి తెచ్చి, చర్చి పక్కన మా మ్యూజియం స్థలంలో మళ్ళీ నిలబెట్టాలి. జిల్లా మ్యూజియం నుంచి గ్రన్లుండ్ మేస్టారని ఒకాయన వచ్చి చూసి, ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ప్రతి దుంగా దాని చోట్లోనే ఉండాలండీ. అటుదిటు అయిందా, అది పాత ఇల్లు కాదు, పాత కలప. పాత కలపకి మ్యూజియం ఎందుకు?"

నేను నెస్టోరి ఇంటికి వెళ్ళాను. అతను పళ్ళకర్రకి పళ్ళు దిగ్గొడుతున్నాడు.

"నాకు డెబ్భై మూడేళ్ళు," అన్నాడు అంతా విని.

"తెలుసు."

"కళ్ళు ఆనవు."

"అదీ తెలుసు. పోయిన ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు."

"ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ అంటే కాదనుకుని ఉసూరుమంటూ ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్న ఆరింటికి మా వాకిట్లో మంచులో నిలబడి ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, గొడ్డలి కొత్తగా నూరుకున్నాడు. మా ఆయన కాఫీ తాగి పొమ్మంటే తాగలేదు. అంత తొందరగా ఉన్నాడు మహానుభావుడు.

ఇల్లు విప్పడానికి పన్నెండు రోజులు పట్టింది. పైనుంచి ఒక్కొక్క దుంగా దింపేటప్పుడు పసిబిడ్డని దింపుతున్నంత జాగ్రత్త. మొత్తం అరవై మూడు. ప్రతి దానికీ తనే నంబరు వేశాడు. సరస్సు మీద మంచుగడ్డ ఇంకా గట్టిగా ఉండగానే ట్రాక్టరు వెనక మంచు మీద జారే స్లెడ్జి బండి కట్టి ఇవతలి ఒడ్డుకి లాగేశాం. ఆఖరి లోడు మీద కూర్చుని వస్తూ, "ఇదే నా ఆఖరి ఇల్లు," అన్నాడు. ఎవరూ అడగకుండా అతను మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. మంచు కరిగేదాకా దుంగలు చర్చి పక్కన వరసగా పేర్చి, టార్పాలిన్ కప్పి ఉంచాం. జూన్‌లో రాతి పునాది పూర్తయ్యాక, టార్పాలిన్ తీసేసి, దుంగల మధ్య కూరడానికి నాచు కావాలని నెస్టోరి చిత్తడి నేల వైపు బయల్దేరాడు. మూడు రోజుల పని.

ఆ మూడు రోజుల్లో నేను చేసిన ఘనకార్యం వినండి.

నాకు మురికంటే పడదు. అది గొప్పగా చెప్పుకోవడం లేదు, రోగం అది. పైగా వారంలో నడివేసవి పండుగ. పండుగకి ముందు మాలో ఏ ఆడది ఇల్లు కడగకుండా ఉంటుంది? నేల, గోడలు, బల్లలు, ఆఖరికి ఆవిరిస్నానం చేసే సౌనా మెట్లు కూడా ఇసక వేసి తోముతాం. పండుగ రాత్రి వేసే పెద్ద మంట దగ్గరికి పరగణా అంతా చర్చి దారినే వస్తుంది. దారి పక్కనే మసి పట్టి, కాలిన కొంపలోంచి లాక్కొచ్చినట్టున్న అరవై మూడు దుంగలు! నెస్టోరి వెళ్ళిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఆరుగురు ఆడవాళ్ళని కూడగట్టాను. బర్చ్ చెట్టు పుల్లల చీపుళ్ళు, ఇసక, బూడిద నీళ్ళు, సబ్బు. ఊరి పనికి కూలి ఏముంది, కాఫీ, తీపి రొట్టె పెడితే చాలు, అందరూ వస్తారు.

"హెల్వీ, ఇక్కడ తెల్లగా ఏదో ఉందే," అంది మా పక్కింటి మార్త.

"పక్షి రెట్ట. తోము," అన్నాను.

నంబర్ల సంగతి నాకు తెలియక కాదు. మా నాన్న మా సౌనా జరిపినప్పుడు దుంగల చివర, కోసిన ముఖం మీద రంగుతో వేశాడు. నంబరంటే అక్కడే ఉంటుందని నా గట్టి నమ్మకం. అందుకని చివర్లు ముట్టుకోవద్దని అందరికీ మరీ మరీ చెప్పాను కూడా. నెస్టోరి వాటిని ఎక్కడ వేశాడో చూడాలన్న ఇంగితం మాత్రం లేకపోయింది. రెండు రోజులు చేతులు పగిలేలా తోమాం. పైన్ దుంగలు కడిగిన ముత్యాల్లా, తేనెరంగులో మెరిసిపోతున్నాయి. నేను నడుము మీద చేతులు పెట్టుకుని మురిసిపోయాను.

నెస్టోరి నాచు బస్తాలతో ట్రాక్టరు దిగాడు. దుంగల వైపు చూశాడు. దగ్గరికెళ్ళి ఒకదాని పక్క మీద అరచేయి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా తడిమాడు. తర్వాత ఇంకోటి. తర్వాత బస్తా మీద కూలబడ్డాడు.

"నంబర్లు," అన్నాడు.

"చివర్లు ముట్టుకోలేదు నెస్టోరీ, ఒట్టు!"

"లోపలి పక్కన వేశాను. సుద్దతో."

మార్త చేతిలో చీపురు పడేసింది. నెస్టోరి తిట్టలేదు, అరవలేదు. లేచి, గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ రెండు రోజులు నేను తిన్న తిండి తిండి కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, నేను అడుసు లేనిచోట కూడా కడిగి కూర్చున్నాను.

విషయం గ్రన్లుండ్ మేస్టారుకి ఎవరు చేరవేశారో గానీ, ఆయన బస్సు పట్టుకుని వచ్చేశాడు. చెడ్డవాడేం కాదు. దుంగల చుట్టూ తిరిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చావింట్లో నిలబడ్డట్టు.

"పండుగ వెళ్ళాక సోమవారం వస్తానండీ. అప్పటికి గోడలు సరిగ్గా లేస్తున్నట్టు కనిపిస్తే సరే. లేకపోతే వీటిల్లో మంచివి ఏరి టికెట్ల గది కట్టుకుందాం."

టికెట్ల గది! నేను అట్నుంచటే నెస్టోరి ఇంటికి పరుగెత్తాను. అతను పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"నన్ను తిట్టు," అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేంటి! ఇంత నాశనం చేస్తే ఎందుకంటావా? తిట్టు, లేకపోతే ఆ కట్టె పెట్టి నాలుగు వెయ్యి!"

అతను గొడ్డలి మొద్దుకి గుచ్చాడు. "మసి మీద సుద్దతో రాసేవాడు మేస్త్రీయా? వాన పడినా పోయేది. మా నాన్నయితే ఉలితో గంటు పెట్టేవాడు. నాకు చెయ్యి రాలేదు. అంత పాత దుంగ. గాయం చెయ్యబుద్ధి కాలేదు."

అప్పటిదాకా నాదొక్కదానిదే తప్పనుకుంటున్నాను. సగం బరువు దిగినట్టయింది, దిగిన సగం చోట్లో కోపం వచ్చి కూర్చుంది.

"సరే, నీదీ తప్పే, నాదీ తప్పే. ఇప్పుడేం చేద్దాం?"

"పొయ్యిలో పెట్టుకోండి."

"ఛీ, నోర్ముయ్! పద్దెనిమిదేళ్ళకి ఒక ఇల్లు దొరికింది నీకు. ఇదే ఆఖరిదని నువ్వే అన్నావు. ఆ ఇల్లు కట్టినవాడివనిపించుకుని పోతావా, విప్పి పాడుచేసినవాడివనిపించుకుని పోతావా? అది చెప్పు!"

అంత మాట అనకూడదు. పెద్దవాడు. కానీ అనేశాను. అతను నా మొహంలోకి చూసి, "ఊఁ," అన్నాడు. మొద్దులోంచి గొడ్డలి పీకి నా వెనకే వచ్చాడు.

నంబర్లు లేకుండా చేతుల్తోనే కూర్చుదామని చూశాం. పాత పనిలో కింది దుంగ వంపుని బట్టే పైదాని కడుపు తొలుస్తారు, అంచేత ప్రతి దుంగా దాని జోడు మీదే సరిగ్గా కూర్చుంటుంది. కింది వరస నాలుగూ లావుపాటివి, తేలిగ్గానే దొరికాయి. రెండో వరసా కూర్చుంది. మూడో వరసలో మొదటి దుంగ ఎత్తిపెడితే ఒక కాలు పొట్టిదైన కుర్చీలా కదలసాగింది. దింపాం. ఇంకోటి ఎక్కించాం. అదీ అంతే. నలుగురు మగవాళ్ళు చెమటలు కక్కుతూ మధ్యాహ్నం దాకా పదకొండు దుంగలు ఎక్కించి దించారు. కొంచెం చెక్కితే కూర్చుంటుంది కదా అన్నాడొకడు.

"చెక్కేవాడి చెయ్యి నరుకుతాను," అన్నాడు నెస్టోరి.

మర్నాడు పండుగ. మగవాళ్ళు సౌనాలు రాజేసుకోవడానికి పోయారు. పొద్దున్నే పనిచోట మేమిద్దరమే మిగిలాం. నెస్టోరి పునాది రాయి మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు. అరచేతులు పైకి తిప్పి, కిందికి తిప్పి, అవి తనవి కానట్టు చూసుకుంటున్నాడు. నాకు అటు చూడబుద్ధి కాక దుంగల వైపు తిరిగాను. తిరిగితే ఒక దుంగ మీద, మూలకి జానెడు ఇవతల, సన్నటి నల్లటి చారలు. మసి! అంత తోమినా పోలేదు! ఎంత దుఃఖంలో ఉన్నా నా రోగం నాది. జడలోంచి పిన్ను తీసి, కూర్చుని ఆ సందుల్లో మసిని గీకడం మొదలుపెట్టాను.

"ఆపు!"

నెస్టోరి అరవగా నేను ముందెప్పుడూ వినలేదు. పిన్ను నా చేతిలోంచి ఎగిరిపోయింది. అతను వచ్చి మోకాళ్ళ మీద పడి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఆ చారల మీద బొటనవేలు పెట్టాడు. నిట్టనిలువుగా రెండు గంట్లు. పక్కనే ఏటవాలుగా ఒకటి. వాటికి కొంచెం దూరంలో ఇంకో చిన్న గంటు.

"ఇంకోటి చూపించు," అన్నాడు.

పక్కదాని మీదా ఉన్నాయి. దాని పక్కదాని మీదా. నేను దుంగల మధ్య దేకుతూ, "ఇక్కడ! ఇదిగో ఇక్కడ!" అని కేకలు పెడుతుంటే అతను వెనకాలే పాకుతూ ప్రతి దాన్నీ వేలితో చదువుతున్నాడు. ఏటవాలు గీత అయిదు. నిలువు గీత ఒకటి. అడ్డంగా దాటుకున్న రెండు గీతలు పది. పక్కనున్న చిన్న గంట్లు ఏ గోడో చెబుతాయి, ఒకటైతే మొదటి గోడ, రెండైతే రెండోది.

"ఎవడో ఇదివరకే దీన్ని విప్పాడు," అన్నాడు నెస్టోరి. "విప్పి, గంట్లు పెట్టి, ఆ ఒడ్డుకి తెచ్చి కట్టాడు. నూరేళ్ళ కిందటో ఇంకా ముందో. తర్వాత పొయ్యి రాజేశారు. మసి కమ్మేసింది."

గోరంత మందాన పేరుకున్న మసి కింద ఇన్నేళ్ళూ దాక్కుని ఉన్నాయవి. నెస్టోరి ఆ మసి మీదే సుద్దతో రాశాడు. నేను తోమకపోతే ఎవరికీ కనిపించేవి కావు. ఆ మాట పైకి అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఏడుపొచ్చేసింది. ముక్కు చీదుకుంటూ, "హమ్మయ్యా, దేవుడా," అని నేల మీదే కూలబడ్డాను.

రెండో గోడ దగ్గర నెస్టోరి ఉన్నట్టుండి ఆగిపోయాడు. మళ్ళీ ఏం మునిగిందో అనుకున్నాను. అతని భుజాలు ఊగుతున్నాయి. చూస్తే నవ్వుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

"వీడు చూడు, రెండింటికి తొమ్మిదే పెట్టాడు! తర్వాత నాలిక్కరుచుకుని, ఒకదాన్ని చెక్కేసి పక్కన పది వేశాడు. వీడికీ తప్పే! ఇంత మొనగాడికీ తప్పే!"

పండుగ మర్నాడు, రాత్రి తాగిన తాగుడుకి తలలు బరువెక్కిన మగవాళ్ళని మంచాల మీంచి లేపుకొచ్చాం. మూడో వరసలో మేం తిప్పలు పడ్డ దుంగ నిజానికి ఎదుటి గోడది. దాని చోట్లో దాన్ని పెడితే, నాచు మీద మెత్తగా, చప్పుడు లేకుండా కూర్చుంది. నెస్టోరి దాని మీద రెండు చేతులూ ఆనించి ఒత్తాడు. కదల్లేదు. సోమవారం గ్రన్లుండ్ మేస్టారు వచ్చేసరికి గోడలు నా భుజాల దాకా లేచాయి. ఆయన గంట్లు చూసి గంటసేపు నోట్సు రాసుకున్నాడు. టికెట్ల గది ఊసెత్తలేదు.

ఆగస్టు చివరికి కప్పు పడింది, రాళ్ళ పొయ్యి లేచింది. నెస్టోరి ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు బతికాడు, ఇంకో ఇల్లు కట్టలేదు. కట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. "నాది అయిపోయింది," అనేవాడు. ఆ మాటలో బాధ ఉండేది కాదు. భోజనం చాలన్నవాడి మాటలా ఉండేది.

అన్నీ పూర్తయిన రోజున గ్రన్లుండ్ మేస్టారు లోపల అటూ ఇటూ తిరిగి గోడల వంక దిగులుగా చూశాడు. "అంతా బాగుందండీ. ఆ మసి ఒక్కటే... పొగ ఇల్లు ఇలా తెల్లగా ఉంటే ఎలా? ఆ మసి వందేళ్ళది."

నేను తల దించుకున్నాను.

"మసి ఎంత కావాలి?" అన్నాడు నెస్టోరి. "తడి కట్టెలు పెడితే మూడు రోజుల్లో మొదలవుతుంది. మిగతా వందేళ్ళూ మీరు చూసుకోండి."

మేస్టారు నవ్వాడు. మార్త పొయ్యిలో కట్టెలు పేర్చి అగ్గిపెట్టె తీసింది.

"ఆగు," అన్నాడు నెస్టోరి. జేబులోంచి చిన్న ఉలి, సుత్తి తీశాడు. గంట్లు లేని దుంగలు అయిదున్నాయి, మధ్యలో ఎప్పుడో పాతవి పుచ్చిపోతే ఎవరో మార్చినవి. మిగిలిన అయిదు ఖాళీల్లో అవే సరిపోయాయి. ఒక్కొక్కదాని ముందూ నిలబడి, నాలుగింటికి తనే గంట్లు పెట్టాడు, ఆ పాతవాడు పెట్టిన తీరులోనే. ఈసారి చెయ్యి వెనకాడలేదు. అయిదోదాని దగ్గర ఉలి, సుత్తి నా చేతుల్లో పెట్టాడు.

"నేనా? మేస్టారు చంపేస్తారు!"

"నేను కిటికీలోంచి సరస్సు చూస్తున్నానండీ," అన్నాడు మేస్టారు నిజంగానే అటు తిరిగి.

"మూడో గోడ, ఏడోది," అన్నాడు నెస్టోరి. "ముందు ఏటవాలుది."

ఉలి ఆనించాను. దెబ్బ వేస్తే గోరుతో గీసినంత గీత పడింది. నెస్టోరి వంగి, దాన్ని బొటనవేలితో తడిమి, తల అడ్డంగా ఊపాడు.

"గట్టిగా కొట్టమ్మాయ్. వందేళ్ళకి మళ్ళీ ఎవడో దీన్ని విప్పుతాడు, నీలాంటిది ఇంకొకతె చీపురు పట్టుకుని వస్తుంది."

మా వెనక మార్త పకపకా నవ్వింది. నేను కళ్ళు తుడుచుకుని ఉలి మళ్ళీ ఆనించి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.